నలభై ఏడు

ముప్పై తొమ్మిది కాన్నే మొదలైతది.
ఆ రెండు మాటల్ని నాలుక మీద పెట్టుకొని
చప్పుడు లేకుంట తిప్పుకుంట.
ప్రెజెంట్ సార్.
ప్రెజెంట్ కాడ తెగుతదా, సార్ కాడ తెగుతదా,
గొంతు చీలుతదా, అసలే రాదా.
తెలుగు సార్ ఒక్కడే నంబర్లు తెలుగుల పిలుస్తడు.
నలభై రెండు రాలే. అంటే నా వంతు ఇంకింత దగ్గర.
నలభై నాలుగు ఆవులించుకుంట పలికిండు,
ఎంత అల్కగనో,
తనింటి తలుపు తనే నూకినట్టు.

నల్లగొండ కాలేజీ, రెండో అంతస్తు,
కిటికీలకెల్లి లతీఫ్ సాబ్ గుట్ట కనబడుతది.
గుట్టను సూస్కుంట కూసుంట.
గుట్టను ఎవ్వరూ హాజరు అడగరు.

మొన్న బస్సుల "ఆపుండ్రి" అననీకె రాక
దేవరకొండ రోడ్డు స్టేజీ దాటిపోయిన.
ఎవరో దిగుతుంటే వాళ్లెంబడి దిగి
ఎండల కిలోమీటరు ఎన్కకు నడిచిన.
సూసేటోళ్లకు అనుమానం రావొద్దని
ఫోను చెవికి పెట్టుకొని.
అవుతల ఎవ్వరూ లేరు.
ఆ ఒక్క కిలోమీటరు మస్తు మాట్లాడిన.

ఆరేండ్లప్పుడు, చెర్వుగట్టు మీద
చిన్నాయిన కొడుకు పుట్టెంట్రుకలు.
ఫొటో తీసేటప్పుడు మేనత్త
నా గదువ పట్టుకొని చెప్పింది,
ప్రేమతోనే చెప్పింది, అది అబద్ధమాడను:
"నోరు మూస్కో బిడ్డా, ఫొటో ఖరాబైతది."
అంతే.
కొబ్బరిముక్క నములుకుంట ఇంకో పనికి పోయింది.
మల్ల తెరువుమని చెప్పుడు
ఆమెకు యాదిలేదు.

మా దిక్కు బోరునీళ్లు పండ్లను ఎట్ల జేస్తయో
మర్రిగూడోళ్లను అడుగుండ్రి.
తుప్పునీళ్లు కారిన గోడ లెక్క చారలు.
అదే బోరు, అదే బిందె, అదే సత్తుగిలాస,
మా అన్న లింగస్వామికీ అవే పండ్లు.
ఆ ఫొటోల వాడు
ఉన్నయన్నీ బయటపెట్టి నవ్వుతున్నడు.
అత్త వానికీ చెప్పింది.
రేకుల మీద పడ్డ వాన, జారిపోయింది.
ఇప్పుడు ఆటోకు మైకు కట్టి బత్తాయిలమ్ముతడు.
"పండ్లు సూడుండ్రి, పండ్లు!" అని
తన పండ్లే సూపెడుతడు.
జనం నవ్వుతరు. కొంటరు గూడ.

నేను మొదటి సందే గిట్లనేనట.
కొత్త మొఖం కనబడితే
అమ్మ కొంగుల దూరి రెండు పూటలు బయటికి రాకపోదునట.
మరి అత్త మాటే నన్ను జేసిందా,
నేనే ఆ మాట కోసం ఖాళీ బిందె పట్టుకొని నిలబడ్డనా?
ఈ లెక్క నాకు తెగదు.
పండ్ల మీది నీళ్లు ఎముకలల్లకు గూడ పోతయని
దవఖాన్ల డాక్టరమ్మ చెప్తుంటే
నాకు అత్త మాట యాదికొచ్చింది.

మా ఊరికి ఇప్పుడు కృష్ణ నీళ్లొస్తున్నయి.
చిన్నోళ్లకు తెల్లటి పండ్లు మొలుస్తున్నయి.
సంతోషమే నాకు.
కొంచెం కుళ్లు గూడ.

"నలభై ఆరు."
రుమాలు తానే నోటికాడికొచ్చింది.
"నలభై ఏడు."
వచ్చింది.
గొంతు చీలి, సార్ అన్న మాట సగం మింగి, వచ్చింది.
ఆయన తలెత్తలే. పెన్ను ఒక గీత గీసింది.
ముందు బెంచి తిరగలే.
ఫ్యాను ఎప్పటి లెక్కనే కిర్రుమంటున్నది.
రెండేండ్ల సంది నేను వణికింది
గీ చిన్న టిక్కు కోసమా?
ఊపిరి వదిలిన.
కోపం గూడ వచ్చింది, ఎవరి మీదనో తెల్వదు.

నా నంబరు పోయినంక ఇన్నాళ్లూ
చెవులల్ల గుండె కొట్టుకునుడు తప్ప ఏం ఇనలే.
ఇయ్యాల ఎందుకో జల్ది అణిగింది.

"నలభై ఎనిమిది."
నా ఎన్క బెంచే. ఆమె పేరు నాకు తెల్వదు.
కొంచెంసేపు ఏం లేదు.
బల్లను గోరుతోని గీకుతున్న చప్పుడు.
"నలభై ఎనిమిది?"
అప్పుడు, బాయి లోతుకెల్లి వచ్చినట్టు,
సన్నగ
ఒక గొంతు.

మొదటిసారి ఇన్న.
ఎన్కకు తిరిగి సూడలే.
సూస్తే బెదురుతదని.